రీస్టార్ట్ కొట్టే ముందు రెండు నిమిషాలు ఆగండి

పోయిన నెల ఒక సర్వర్ బాధ్యత నా చేతికొచ్చింది. తెలుగు వార్తల సైటు, ఉబుంటు 22.04, పేజీలు తయారుచేసే భాష పీహెచ్‌పీ 8.1, ముందు పాఠకుల రిక్వెస్టులు అందుకునే ఇంజిన్‌ఎక్స్, వెనక పీహెచ్‌పీని నడిపే ఎఫ్‌పీఎం. కొత్త సర్వర్ చేతికొచ్చినప్పుడు నేను మొదట చూసేది క్రాన్‌ట్యాబ్, అంటే ఏ పని ఎప్పుడు తనంతట తాను జరగాలో రాసిపెట్టే జాబితా. అందులో ఒక లైను కనబడింది. ప్రతి ఇరవై నిమిషాలకోసారి ఎఫ్‌పీఎంని రీస్టార్ట్ చెయ్యమని. దాని పైన కామెంట్: "దయచేసి తీయొద్దు."

అంతకుముందు ఆ సర్వర్ చూసిన కుర్రాడికి ఫోన్ చేశాను.

"అన్నా, అది మాత్రం కదపకండి. సెగ్‌ఫాల్ట్‌లు వస్తున్నాయి. అది పెట్టాకే ఓనర్ గారి ఫోన్లు తగ్గాయి."

"ఎందుకొస్తున్నాయో చూశావా?"

"టైమెక్కడిదన్నా? ఏడు సైట్లు ఒక్కణ్ణే చూసేవాణ్ణి. పడినప్పుడల్లా రీస్టార్ట్ చేసేవాణ్ణి. రాత్రి రెండింటికి లేచి చేయలేక క్రాన్‌లో పెట్టేశా."

అతన్ని నేనేమీ అనలేదు. నేనూ అదే పని చేశాను, ఒకసారి కాదు. కానీ ఆ లైను చూసినప్పటి నుంచి నా మనసులో ఒక మాట తిరుగుతోంది. పీహెచ్‌పీ పడిపోయినప్పుడు మనం కొట్టే రీస్టార్ట్ వైద్యం కాదు. చాలాసార్లు అది జరిగింది జరిగినట్టు చెప్పగలిగే ఒకే ఒక్క సాక్షిని ఇంటికి పంపేయడం. కొట్టొద్దని నేను అనడం లేదు. కొట్టే ముందు రెండు నిమిషాలు ఆగి, దొరికిన ఆధారాన్ని పక్కన పెట్టుకోమంటున్నాను.

ఎవరి లాగ్‌లో వెతకాలి

మనవాళ్ళు "క్రాష్" అనే ఒక్క మాటలో మూడు నాలుగు వేర్వేరు జబ్బుల్ని కలిపేస్తారు. తెల్ల పేజీ వచ్చినా క్రాషే, 502 (వెనక నుంచి సరైన జవాబు రాలేదని ఇంజిన్‌ఎక్స్ ఇచ్చే ఎర్రర్) వచ్చినా క్రాషే, సైటు నెమ్మదిస్తే అదీ క్రాషే.

తెల్ల పేజీ సాధారణంగా క్రాష్ కాదు. పీహెచ్‌పీ బతికే ఉంది, ఫేటల్ ఎర్రర్ వచ్చింది, దాన్ని తెరమీద చూపించొద్దని మనమే సెట్ చేశాం. ఎర్రర్ లాగ్‌లో ఫైలు పేరు, లైను నంబరుతో సహా ఉంటుంది. 134217728 బైట్లు అయిపోయాయని చెప్పే ఎర్రర్ కూడా ఈ కోవలోదే. అది 128 ఎంబీ హద్దు దగ్గర పీహెచ్‌పీ తనంతట తాను ఆగడం.

అసలైన క్రాష్ వేరు. అక్కడ పీహెచ్‌పీ ఎర్రర్ లాగ్‌లో ఏమీ ఉండదు. రాయాల్సిన ప్రాసెసే పోయింది, ఇంక రాసేదెవరు? నేను చూసిన చాలామంది ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు. పీహెచ్‌పీ లాగ్ తెరుస్తారు, ఖాళీగా ఉంటుంది, "లాగ్‌లో ఏం లేదండీ" అని రీస్టార్ట్ చేస్తారు. పోయినవాడి సంగతి పక్కవాళ్ళని అడగాలి. ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో 104 నంబరుతో, అవతలివైపు కనెక్షన్ తెగిపోయిందని ఉంటుంది. ఎఫ్‌పీఎంలో పేజీలు తయారుచేసే ప్రాసెస్‌లని చైల్డ్‌లంటారు, వాటిని పుట్టించి కనిపెట్టుకునేది మాస్టర్. ఆ మాస్టర్ తన సొంత లాగ్‌లో ఫలానా చైల్డ్ ఫలానా సిగ్నల్‌తో, అంటే ఏ కారణంగా ఆగిందో చెప్పే నంబరుతో, మొదలైన ఇన్ని సెకన్లకి పోయిందని రాస్తుంది. ఆ సిగ్నల్ నంబరే సగం కథ చెబుతుంది.

11 అయితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (కుర్రాడు చెప్పిన సెగ్‌ఫాల్ట్), అంటే ముట్టకూడని మెమరీని ముట్టుకుంది. 9 అయితే ఎవరో బయటినుంచి చంపారు, ఎక్కువసార్లు ఆ ఎవరో సర్వర్‌ని నడిపే లినక్స్ కెర్నలే. ర్యామ్ చాలక ఎవరో ఒకర్ని బలి ఇస్తుంది. డీమెసేజ్‌లో, అంటే కెర్నల్ రాసుకునే లాగ్‌లో, చూస్తే ఎవర్ని చంపిందో పేరుతో సహా ఉంటుంది. 2 జీబీ ర్యామ్ ఉన్న మెషిన్‌లో మ్యాక్స్ చిల్డ్రన్ (ఒకేసారి ఉండగల చైల్డ్‌ల సంఖ్య) 50 అని పెట్టి, ఒక్కో చైల్డ్ 70 ఎంబీ తింటుంటే మొత్తం మూడున్నర జీబీ. ఇలాంటి ఒక చోట నెల రోజులు "పీహెచ్‌పీ పడిపోతోంది" అనుకున్నారు. తీరా చూస్తే కెర్నల్ చంపుతున్నది మైఎస్‌క్యూఎల్‌ని. 11కీ 9కీ మందు ఒకటి కాదు. రీస్టార్ట్ చేస్తే మాత్రం రెండూ కాసేపు ఒకేలా నయమైనట్టు కనబడతాయి.

ఉగాది పొద్దున

నా అభిప్రాయం ఎక్కడ గట్టిపడిందో చెప్పాలంటే 2016 ఏప్రిల్ 8కి వెళ్ళాలి. దుర్ముఖి నామ సంవత్సర ఉగాది. అప్పుడు నేను చూస్తున్నది ఒక జిల్లా వార్తల సైటు. సెంటోస్ 7, దానితో వచ్చే పీహెచ్‌పీ 5.4.16. పొద్దున ఏడింటికి ఓనర్ గారు ఫోన్ చేశారు. "సైటు రావట్లేదండీ, పండగ పూట పరువు పోతోంది."

రీస్టార్ట్ చేశాను. హోమ్ పేజీ తెరిచి చూశాను, వచ్చింది. "వచ్చిందండీ" అన్నాను. పది నిమిషాలకి మళ్ళీ ఫోన్. మళ్ళీ రీస్టార్ట్, మళ్ళీ హోమ్ పేజీ, మళ్ళీ "వచ్చిందండీ". మధ్యాహ్నం లోపల ఇలా తొమ్మిదిసార్లు చేశాను. ఆయన చూస్తున్న పేజీ ఏదో నేను అడగలేదు. హోమ్ పేజీ అసలు పడనే లేదు.

పండగ భోజనానికి కూర్చోబోతూ యాక్సెస్ లాగ్‌లో 502 ఉన్న లైన్లు మాత్రం తీసి, ఏ అడ్రస్‌కి ఎన్నిసార్లో లెక్కేశాను. అన్నీ ఒక్కటే. పన్నెండు రాశుల ఫలాలు, ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు అన్నీ ఒకే పేజీలో పెట్టిన వ్యాసం. ఆ రోజు ఊరంతా తెరిచేది అదే. నేను తొమ్మిది రీస్టార్ట్‌లు చేసినా ఆ పేజీ ఒక్కసారి కూడా ఎవరికీ కనబడలేదు. ఎఫ్‌పీఎంలో ఒక చైల్డ్ పోతే మాస్టర్ వెంటనే ఇంకో దాన్ని పుట్టిస్తుంది. అంటే నేను చేసిన పని అది అంతకుముందే చేస్తోంది.

సాయంత్రం కోర్ డంప్ (పడిన ప్రాసెస్ మెమరీ నకలు) తీసి జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచాను. బ్యాక్‌ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చెప్పే జాబితా, అడిగితే ఒకే మాట వరసగా దిగుతూ పోయింది: మ్యాచ్, మ్యాచ్, మ్యాచ్. రెజెక్స్‌లని (పాఠంలో మాటల్ని వెతికే నమూనాల్ని) నడిపే పీసీఆర్ఈ లైబ్రరీలోని ఫంక్షన్, తనని తాను పిలుచుకుంటూ. ఎంటర్ నొక్కుతూ పోతే ఫ్రేముల నంబర్లు వేలల్లోకి వెళ్ళాయి. అట్టడుగున ఒక రెజెక్స్ ఉంది. వ్యాసం బాడీ మొత్తాన్ని పట్టుకుని మధ్యలో ప్రకటన పెట్టడానికి ఎవరో రాసింది. "ఏ అక్షరమైనా, లేదా కొత్త లైనైనా" అని బ్రాకెట్లో పెట్టి పక్కన, ఎన్నిసార్లైనా అనడానికి, నక్షత్రం వేశారు.

అప్పటి పీసీఆర్ఈలో అలాంటి బ్రాకెట్ ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా స్టాక్ (ఫంక్షన్ పిలుపులు గుర్తుపెట్టుకునే మెమరీ) మీద ఒక మెట్టు దిగేది. మెట్టుకి సుమారు 500 బైట్లు. స్టాక్ మొత్తం 8 ఎంబీ. లెక్కేస్తే పదహారు వేల పైచిలుకు మెట్లు, ఆ తర్వాత నేల లేదు. పీహెచ్‌పీ పెట్టిన రికర్షన్ (తనని తాను పిలుచుకోవడం) హద్దేమో లక్ష. అంటే కాపలావాడు నిలబడింది గోతికి అవతల.

ఇక్కడ మన భాష సంగతి వస్తుంది, నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేది ఇదే. ఆ రెజెక్స్‌కి యూనికోడ్ గుర్తు పెట్టలేదు. కాబట్టి దానికి "అక్షరం" అంటే ఒక బైటు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. "స్త్రీ" తీసుకోండి. మన కంటికి ఒక్క అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. ఒక్క "స్త్రీ"కి పద్దెనిమిది మెట్లు దిగాలి. పదహారు వేల మెట్లంటే ఐదున్నర వేల తెలుగు సంకేతాలు, ఏడెనిమిది వందల మాటలకి మించదు. ఆ రెజెక్స్ రాసినతను ఇంగ్లీషు నమూనా వ్యాసంతో పరీక్షించి ఉంటాడు, అది అతని దగ్గర ఎప్పటికీ పడదు. రోజువారీ వార్తలు రెండొందల మాటలే కాబట్టి మాకూ పడలేదు. ఉగాది రోజున పన్నెండు రాశులూ ఒక్క పేజీలోకి వచ్చేసరికి స్టాక్ అయిపోయింది.

బ్రాకెట్ తీసేసి ఒక చుక్క పెట్టి, చుక్క కొత్త లైనుని కూడా కలుపుకునే గుర్తు చేర్చాను. అంతే. మళ్ళీ పడలేదు. కానీ అప్పటికి రాత్రి ఎనిమిదైంది. రాశిఫలాలు చదవాల్సినవాళ్ళు వేరే సైట్లో చదివేసుకున్నారు.

రీస్టార్ట్ తప్పా?

దీనికి ఎదురు వాదన బలంగానే ఉంది, దాన్ని దాటవేయను.

ఒకటి, పరీక్ష ఫలితాలు వచ్చిన గంటలో జీడీబీ పట్టుకుని కూర్చునే హక్కు ఎవరికీ లేదు. అప్పుడు లేపి నిలబెట్టడమే ధర్మం. నేనూ అదే చేస్తాను. రెండు, పీహెచ్‌పీనే దీన్ని ఒప్పుకుంటుంది. ఎఫ్‌పీఎంలో మ్యాక్స్ రిక్వెస్ట్స్ అనే సెట్టింగ్ ఉంది, ఇన్ని రిక్వెస్టులయ్యాక చైల్డ్‌ని మార్చెయ్యమని. వేరేవాళ్ళ లైబ్రరీల్లో మెమరీ లీక్ అవుతుంటే తట్టుకోవడానికి అది పనికొస్తుందని మాన్యువల్‌లోనే రాసి ఉంది. మరి క్రాన్ లైను చేసిన పాపం ఏమిటి?

చాలాకాలం దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడు నాకు తోచేది ఇది. మ్యాక్స్ రిక్వెస్ట్స్ చైల్డ్‌ని చేతిలో పని పూర్తయ్యాకే పంపిస్తుంది. పైగా అది లీక్ అనే తెలిసిన జబ్బుకి వాడే మందు. క్రాన్ రీస్టార్ట్ ఏ జబ్బో తెలియకుండా వేసే మందు. నడుస్తున్న రిక్వెస్టుల్ని మధ్యలో తెంచేస్తుంది, డబ్బు కడుతున్నవాడిది కూడా. ఆప్‌కోడ్ క్యాష్ (ముందే తర్జుమా చేసి దాచుకున్న కోడ్) ఖాళీ అయిపోయి ప్రతి ఇరవై నిమిషాలకీ సైటు మొదటినుంచి వేడెక్కాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ తర్వాత క్రాష్ ఎప్పుడొచ్చిందో ఎందుకొచ్చిందో అడిగేవాళ్ళే ఉండరు.

మూడో వాదన డబ్బు. చిన్న క్లయింట్ నెలకి ఇచ్చే నాలుగు వేలకి బ్యాక్‌ట్రేస్ చదివే ఓపిక ఎవరికుంటుంది? దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కానీ 502 అడ్రస్‌లు లెక్కేయడానికి జీడీబీ రావక్కర్లేదు, ఒక్క కమాండ్. సిగ్నల్ నంబరు చూడటానికి ఇంకొకటి. నేను అడుగుతున్న రెండు నిమిషాలు ఇవే. పదింటిలో ఆరు క్రాష్‌లకి దారి అక్కడే దొరుకుతుందని నా అనుభవం.

కోర్ ఫైల్లో ఏముంటుంది

కోర్ డంప్ విషయంలో మాత్రం నాకు ఇంకా సందేహాలున్నాయి. అది ఆ క్షణంలో ప్రాసెస్ మెమరీకి తీసిన నకలు. డేటాబేస్ పాస్‌వర్డ్, లాగిన్ అవుతున్నవాళ్ళు కొట్టిన పాస్‌వర్డ్, ఫోన్ నంబరు అన్నీ అందులో ఉండొచ్చు. ఒకసారి ఒక జూనియర్ కోర్ ఫైలుని వాట్సాప్ గ్రూపులో పెట్టబోతుంటే ఆపాను. రూట్ తప్ప ఎవరూ చదవలేని చోట పెట్టాలి, పని కాగానే చెరిపేయాలి. ఇంకోసారి కోర్ డంప్‌లు ఆన్ చేసి ఆఫ్ చేయడం మర్చిపోయాను. రెండు రోజుల్లో డిస్క్ నిండి డేటాబేస్ రాయడం ఆగిపోయింది, ఆ రోజు ఆర్డర్లు పోగొట్టుకున్న దుకాణంవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు ఒక గంట కోసమే ఆన్ చేస్తాను, ఫోన్‌లో అలారం పెట్టుకుని.

పడిపోవడం కంటే చెడ్డది

ఇదంతా పాత కథ కదా, ఇప్పటి పీహెచ్‌పీ మారిపోయింది అనొచ్చు. నిజమే, మారింది. 7.0 నుంచి రెజెక్స్‌కి జిట్ (నమూనాని నేరుగా మెషిన్ కోడ్‌గా మార్చి నడిపే పద్ధతి) ఉంది. 7.3లో పీసీఆర్ఈ2 వచ్చింది, దాని 10.30 వెర్షన్ నుంచి జిట్ లేకపోయినా మ్యాచింగ్ సిస్టమ్ స్టాక్ మీద మెట్లు దిగడం మానేసింది. 8.3 అయితే స్టాక్ అయిపోబోతుంటే ముందే కనిపెట్టి, ఇది అంతులేని రికర్షనా అని అడుగుతూ మామూలు ఎర్రర్ ఇస్తుంది, లైను నంబరుతో. వీటి వెనక పనిచేసినవాళ్ళకి నేను నిజంగా రుణపడి ఉన్నాను.

కానీ ఉగాది సైటుదే ఇంకో సంగతి ఉంది. దాన్ని తర్వాత పీహెచ్‌పీ 7కి మార్చాం. ఆ పాత రెజెక్స్ నేను ఒకచోటే సరిచేశాను, మొబైల్ యాప్‌కి వార్తలు పంపే ఫైల్లో దాని నకలు మిగిలిపోయింది. ఇప్పుడది పడిపోలేదు. జిట్ తన చిన్న స్టాక్ చాలక చేతులెత్తేసింది, రీప్లేస్ ఫంక్షన్ నల్ (విలువేమీ లేదని) ఇచ్చింది, మన కోడ్ ఆ నల్‌ని ఖాళీ వ్యాసంగా యాప్‌కి పంపింది. 502 లేదు, సిగ్నల్ లేదు, ఏ లాగ్‌లోనూ ఒక్క ముక్క లేదు. పెద్ద వ్యాసాలు యాప్‌లో శీర్షిక మాత్రమే ఉండి కింద తెల్లగా వచ్చేవి. ఒక పాఠకుడు ఉత్తరం రాసేదాకా మాకు తెలియలేదు. మ్యాచ్ తర్వాత పెర్ల్ రెజెక్స్ చివరి ఎర్రర్ ఏమిటని అడిగే ఒక్క లైను రాసి ఉంటే మొదటి రోజే తెలిసేది.

అప్పటినుంచి నాకు క్రాష్ మీద కోపం పోయింది. అది కనీసం కేక వేస్తుంది. ఆ కేకని మనం క్రాన్‌తో నొక్కేస్తే, ఖాళీ వ్యాసంలాగే మౌనంగా తయారవుతుంది.

లైను తీసేసిన రాత్రి

ఓనర్ గారికి చెప్పి, రాత్రి తొమ్మిదిన్నరకి ఆ క్రాన్ లైను తీసేశాను. ఎఫ్‌పీఎం పూల్‌లో కోర్ హద్దు తెరిచాను. ఉబుంటులో కోర్ ఫైలుని మామూలుగా యాపోర్ట్ అనే క్రాష్ రిపోర్టర్ పట్టుకెళ్తుంది కాబట్టి, అది రాసే చోటు కూడా మార్చాను. టెన్షన్‌గానే ఉంది, ఒప్పుకుంటాను. పదకొండుంపావుకి మొదటి సిగ్నల్ 11 వచ్చింది.

502 అడ్రస్‌లన్నీ రెండే రెండు విభాగాల పేజీలు: రాజకీయాలు, ఎన్నికలు. వాటిని తెరుస్తున్నది ఎక్కువగా సెర్చ్ ఇంజిన్ల బాట్‌లు. బ్యాక్‌ట్రేస్‌లో మూడు ఫంక్షన్లు మాలలా తిరుగుతున్నాయి. పీహెచ్‌పీ సోర్స్‌తో వచ్చే జీడీబీ సాయం ఫైలు వేసి పీహెచ్‌పీ వైపు నుంచి చూస్తే, ఒక గెట్ మ్యాజిక్ మెథడ్, లేని ప్రాపర్టీని అడిగినప్పుడు పీహెచ్‌పీ తనే పిలిచేది. విభాగం తన దారి చెప్పాలంటే తల్లి విభాగాన్ని డేటాబేస్ నుంచి తెచ్చి దాని దారి అడుగుతుంది. టేబుల్ తెరిచి చూశాను. ఎన్నికల తల్లి రాజకీయాలు. రాజకీయాల తల్లి ఎన్నికలు. ఎవరో డెస్క్‌లో పొరపాటున డ్రాప్‌డౌన్‌లో తప్పు పేరు ఎంచుకున్నారు. మామూలు ఫంక్షన్ అయితే మెమరీ హద్దు దగ్గర ఫేటల్ ఎర్రర్‌తో ఆగేది, లాగ్‌లో పడేది. మ్యాజిక్ మెథడ్ ఇంజిన్ లోపలి నుంచి పిలవబడుతుంది కాబట్టి అది సీ స్టాక్‌ని (ఇంజిన్ సొంత స్టాక్‌ని) తినేసింది. పడేలోపు ఒక్కోటి ఏడెనిమిది సెకన్లు చైల్డ్‌ని పట్టుకుని కూర్చుంటోంది. బాట్‌లు వరసగా వస్తే చైల్డ్‌లన్నీ అందులోనే ఇరుక్కుంటున్నాయి. క్రాన్ రీస్టార్ట్‌తో ఫోన్లు తగ్గింది అందుకే, ఇరుక్కున్నవాటిని అది విదిలించేది.

టేబుల్లో ఒక్క అంకె మార్చాను. మర్నాడు కోడ్‌లో, వచ్చిన దారిలోనే మళ్ళీ వస్తే ఆగిపోయే తనిఖీ పెట్టాను. కోర్ ఫైళ్ళు చెరిపేశాను.

కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "రాజకీయాల తల్లి ఎన్నికలా అన్నా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, ఆ క్రాన్ లైను ఇంకో మూడు సర్వర్లలో కూడా పెట్టానని చెప్పాడు. నిన్న రాత్రి వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. వాటిలో ఒక సర్వర్ నుంచి తీసిన 502 అడ్రస్‌ల జాబితా. నలభై లైన్లు, అన్నీ ఒకే ఫొటో గ్యాలరీవి. కింద, "సిగ్నల్ 9 అన్నా, 11 కాదు. డీమెసేజ్ చూస్తున్నా," అని రాశాడు.